జెల్లకు వేసిన గాలం, గుడ్లతో వచ్చిన మృగాల చేప

మిరుగు (మృగశిర కార్తె) పోయి రెండు వారాలైంది. రెండు గట్టి వానలు పడ్డాయి. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట నీళ్లు రంగు మారాయి. ఒడ్డున ఒకాయన గాలానికి వానపాము గుచ్చి జెల్లల కోసం విసిరాడనుకుందాం. బెండు ఒక్కసారిగా మునిగింది. దారం లాగుతుంటేనే తెలిసిపోయింది, ఈ బరువు జెల్లది కాదని. కాసేపు అటూ ఇటూ లాక్కుపోయి చివరికి ఒడ్డుకు వచ్చింది రెండు కిలోలు దాటిన మృగాల. పొట్ట ఉబ్బి ఉంది, ముట్టుకుంటే మెత్తగా తగులుతోంది. పొట్ట కింద ద్వారం దగ్గర ఎర్రగా వాచింది. సరైన వరద తగిలితే కొద్ది రోజుల్లో గుడ్లు వదలాల్సిన ఆడచేప అది. ఆయన దానికోసం గాలం వేయలేదు. అయినా ఇప్పుడు అది చేతిలో ఉంది.

ఒకదానికి వేస్తే ఇంకొకటి, అదీ పట్టకూడని కాలంలో పడటం గురించి ఎక్కువ తర్జనభర్జన జరిగింది ట్రౌట్ చేప మీద. ట్రౌట్ చల్లనీళ్ల జీవి. మన కృష్ణలో, డిండిలో దాని ఊసే ఉండదు. చూడాలంటే కశ్మీర్, హిమాచల్ వెళ్లాలి, లేదా దక్షిణాన నీలగిరి, మున్నార్ కొండలెక్కాలి. బ్రౌన్ ట్రౌట్ చలికాలంలో గుడ్లు పెడుతుంది కాబట్టి హిమాచల్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట బంద్. ఇంగ్లండ్ నదుల్లోనూ చలికాలం దానికి సెలవే. కానీ అక్కడ అదే నీళ్లలో గ్రేలింగ్ అనే ఇంకో చేప ఉంటుంది. అది గుడ్లు పెట్టేది వసంతంలో, అందుకని చలికాలంలో దాన్ని పట్టుకోవచ్చు. రెండూ ఒకే మడుగులో తిరుగుతాయి, రెండూ వానపామును మింగుతాయి. గ్రేలింగ్‌కు వేస్తే ట్రౌట్ పడుతుంది.

అక్కడి 1975 నాటి చట్టం ఈ చిక్కును ముందే ఊహించింది. గుడ్లు పెట్టబోతున్న చేపను, ఎదగని చేపను పట్టడం నేరం అంటూనే, అనుకోకుండా పట్టి, వీలైనంత తక్కువ గాయంతో తిరిగి నీళ్లలో వదిలిన మనిషికి ఆ నేరం అంటదు అని రాసుకున్నారు. చిన్న మినహాయింపే గానీ ఇందులో రెండు షరతులున్నాయి. చేప నిజంగా అనుకోకుండా పడి ఉండాలి. పడ్డాక బతికేలా వదలాలి. మన దగ్గర వానాకాలం వేట మీద మాట వచ్చినప్పుడు రెండో సంగతి అడపాదడపా వినిపిస్తుంది. మొదటిదాని జోలికి ఎవరూ పోరు. అసలు గుట్టంతా దాంట్లోనే ఉంది. గాలం ఎక్కడ వేశారు, ఎప్పుడు వేశారు, ఏ ఎర గుచ్చారు అన్న మూడూ చూస్తే, చాలాసార్లు ఆ 'అనుకోకుండా' అన్న మాట నిలబడదు.

ముందు కాలం సంగతి. బొచ్చె, రవ్వ, మృగాల మూడూ వానాకాలంలోనే గుడ్లు పెడతాయి. నిలవ నీళ్లలో పెట్టవు. కొత్త వరద రావాలి, నీళ్లు పారాలి, ఒడ్డున గడ్డి నేల మునగాలి. అప్పుడు ప్రాజెక్టు లోతుల్లో ఉన్న చేప ఎదురెక్కి పారే నీళ్లలోకి వస్తుంది. కిలో బరువున్న ఆడచేప కడుపులో లక్షకు పైనే గుడ్లుంటాయి, రవ్వకు ఇంకా ఎక్కువ. వదిలిన గుడ్డు రోజు తిరగకముందే పిల్లవుతుంది. ఎంత బాగా మేపినా చెరువులో ఇవి గుడ్లు పెట్టవన్న ఇబ్బంది వల్లే 1957లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి గుడ్లు పెట్టించే దారి చూపారు. ఇప్పుడు జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకునేది అందుకే. ఆ తేదీ వానాకాలంలో ఎందుకు పడిందో వేరే చెప్పక్కర్లేదు.

మన జలాశయాల్లో జులై, ఆగస్టు నెలల్లో వేట ఆపేది కూడా ఈ లెక్క మీదే. అయితే తేదీలు మనుషులు పెట్టుకున్నవి. చేప చూసేది నీళ్లను. కృష్ణకు పెద్ద వరద రావాలంటే పైన మహారాష్ట్ర, కర్ణాటకల్లో వానలు పడాలి, ఆలమట్టి, నారాయణపూర్ నిండాలి, గేట్లెత్తాలి, అప్పుడు గానీ జూరాలకు నీళ్లందవు. ఒక ఏడు అది జులైలో అయిపోతుంది, ఇంకో ఏడు ఆగస్టు దాకా ఎదురుచూపులే. డిండి వాగు, కోయిల్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే పెద్దవాగు లాంటివి అలా కాదు. ఇక్కడ పడిన వానకే పారతాయి, కలిసొస్తే జూన్‌లోనే. వాడపల్లి ఒడ్డున ఆ మృగాల పడింది ఈ సందులోనే. నిషేధం ఇంకా మొదలవలేదు, కడుపు మాత్రం నిండింది.

జూన్ అనగానే మిరుగు గుర్తొస్తుంది. మృగశిర కార్తె నాడు చేప ముక్క నోట్లో పడాల్సిందేనని నల్గొండ, పాలమూరు ఊళ్లలో పట్టుబడతారు. హైదరాబాద్ నాంపల్లి మైదానంలో ఇచ్చే చేప ప్రసాదానికి వాడేదీ చిన్న కొర్రమీను పిల్లలనే. ఆ రోజు మార్కెట్లో కొర్రమీను ధర అడగాలంటేనే భయం. ఈ కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. దురదృష్టం ఏమిటంటే, తొలివానలకు గుడ్లు పెట్టే పనిలో పడేదీ ఇదే. ఊరంతా దాన్ని తినాలనుకునే రోజులూ, అది సంసారం మొదలుపెట్టే రోజులూ ఒకటే. జులైలో మొదలయ్యే నిషేధం దీనికి చాలా ఆలస్యంగా వస్తుంది.

కొర్రమీను విషయంలో ఇంకో తేడా ఉంది, దాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి. మృగాల గుడ్లు వదిలి తన దారిన తాను పోతుంది. కొర్రమీను అలా పోదు. చెరువు అంచున తుంగ, నాచు ఉన్నచోట కాస్త జాగా శుభ్రం చేసుకుని గూడు చేస్తుంది. గుడ్లు పైకి తేలి ఉంటాయి. పిల్లలయ్యాక తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రగా, వందల లెక్కన ఒకటే గుంపుగా తిరుగుతాయి. గాలి పీల్చడానికి అవి పైకి వచ్చినప్పుడు నీళ్ల మీద చినుకులు పడుతున్నట్టు చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఎండలో నిలబడి చూస్తే ఎర్ర మరక ఒకటి నాచు పక్కన మెల్లగా జరుగుతున్నట్టు ఉంటుంది. దాని కింద అడుగు, రెండడుగుల లోతులో పెద్ద చేప ఉంటుంది.

ఇక ఆ మరక మీద కప్పనో, రబ్బరు కప్ప బొమ్మనో పడేస్తే పెద్ద చేప విరుచుకుపడి పట్టేస్తుంది. ఆకలితో కాదు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని. ఆ సమయంలో దాని ముందు ఏం పడ్డా కొరుకుతుంది. గాలం వేసేవాళ్లలో కొందరు దీన్ని నైపుణ్యం కింద చెప్పుకుంటారు, వీడియోలు కూడా పెడతారు. నిజానికి ఇంతకంటే సులువైన వేట లేదు. పెద్ద చేప పోయిన తర్వాత ఆ గుంపు మీద జెల్లలు, పరకలు, నీటికాకులు, ఇంకో కొర్రమీను, ఎవరికి చేతనైనంత వాళ్లు లాగిస్తారు. ఒక్క చేపను తీశామనుకుంటాం, పోయేది మొత్తం కాన్పు. మరి ఎర్ర గుంపును కళ్లారా చూసి వేసినవాడికి 'అనుకోకుండా' అన్న మాట ఎలా వర్తిస్తుంది? వాలుగ కోసం బతికిన చిన్న చేపను గుచ్చి, చీకట్లో నాచు అంచున వేస్తే కాపలా కొర్రమీను పడిందంటే, అది పొరపాటు. అప్పుడు కూడా తెలిసిన వెంటనే అక్కడికక్కడే వదలాలి. సంచిలో వేసుకుని, ఫొటోలు దిగి, గంట తర్వాత అవతలి గట్టున వదిలితే చేప బతుకుతుంది గానీ దాని పిల్లలు బతకవు.

వాలుగ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. కొత్త నీళ్లకు అది లోతు తక్కువున్న ముంపు నేలల్లోకి వస్తుంది. రాత్రిపూట టార్చి వేస్తే కదలకుండా దొరుకుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ముప్పున్న జాతుల్లో ఇది ఉంది. మన ఒడ్డున దీన్ని ఎవరూ అలా చూడరు. పెద్ద నోరు, పెద్ద బరువు, మంచి ధర, అంతే.

ఎర దగ్గరికి వద్దాం. జెల్ల అడుగున తింటుంది. మృగాల కూడా అడుగునే తింటుంది. వానపాము అడుక్కు దిగితే ఎవరు ముందు చూస్తే వాళ్లది. అదే కోడిపేగు గుచ్చి, పొద్దుగూకాక వేస్తే లెక్క మారుతుంది. జెల్ల, మార్పు లాంటి మీసాల చేపలు రాత్రి వాసన పట్టి తిరుగుతాయి, మాంసం ముక్కను వదలవు. మృగాలకు దాని మీద అంత మోజు లేదు. తవుడు, పల్లిచెక్క, మైదా కలిపి ముద్ద చేసి కూర్చున్నాడంటే ఆ మనిషి రవ్వకో బొచ్చెకో వచ్చాడని అర్థం. 'పరకల కోసం వేశా' అంటే పక్కన పుట్టి కడుక్కుంటున్న ముసలాయన కూడా నవ్వుతాడు. చోటు కూడా అంతే. వాగు వచ్చి నదిలో కలిసే మూతి దగ్గర, ఆనకట్ట కింద నురగ లేచే చోట, వానాకాలం ఎదురెక్కే చేపంతా ఆగి ఉంటుంది. అక్కడ దేనికి వేసినా ఆ ఎదురెక్కే చేపకే తగలొచ్చు. నాలుగు వందల అడుగులు పక్కకు జరిగి నిలవ నీళ్ల మడుగులో వేస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

గాలాన్నే పట్టుకుని వేలాడటం కూడా న్యాయం కాదు. కడుపు గుడ్లతో నిండాక బొచ్చె, రవ్వ, మృగాల లాంటి కార్పు చేపలు తిండి బాగా తగ్గిస్తాయి, ఎర వైపు చూసేవి తక్కువ. గాలానికి పడే గుడ్ల చేపలు తక్కువే. వలకు, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కట్ట) దగ్గర చేతులకు దొరికేది అసలు లెక్క. గిల్ నెట్ సంగతి చూడండి. చేప తల దూర్చి, మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. ఆ ఇరుకులో మొప్పలు తెరుచుకోక, తెల్లారి వల లాగేసరికి చాలా చేపలు చచ్చిపోయి ఉంటాయి. వేసవి, తొలివానల వేడినీళ్లలో అయితే ఇంకా తొందరగా. అలాంటి చేపను తిరిగి నీళ్లలో వదలమని చెప్పడం హాస్యంగా ఉంటుంది. వల విషయంలో నిర్ణయమంతా ముందురోజు సాయంత్రమే అయిపోతుంది, ఎక్కడ కట్టాలి, ఎంత కన్నుది (వల రంధ్రం ఎంతది) కట్టాలి అన్నప్పుడే.

మత్తడి దుంకిందంటే ఊరంతా అక్కడే. చీరలు, దోమతెరలు, ఊతలు, ఏది దొరికితే అది పట్టుకుని పిల్లలు దిగుతారు. అది పండగే, కాదనలేం. కానీ ఒకే మత్తడి దగ్గర చేపలు రెండు దిక్కులకు పోతుంటాయి, అది గమనించాలి. చెరువు నిండి పొర్లే నీళ్లతో కిందికి జారిపోయే చేప ఒకటి. అది ఊరి మత్స్యకారుల సంఘం పెంచుకున్నది, ఎలాగూ చెరువు దాటి పోయింది. దాన్ని పట్టుకుంటే కొత్తగా పోయేదేమీ లేదు, సంఘంతో తగువు తప్ప. రెండోది కింది నుంచి నీటి ధారకు ఎదురు ఎగురుతుంది. ఎగిరి రాతికి కొట్టుకుని పడి మళ్లీ ఎగురుతుంది. అది గుడ్లు పెట్టడానికి పైకి పోతున్న చేప. చీర పట్టుకున్న పిల్లవాడికి రెండూ ఒకటే. పెద్దవాళ్లకు తేడా తెలుసు, తెలిసీ రెండో దాన్నే ఎక్కువ ఇష్టపడతారు, ఎందుకంటే దాంట్లో గుడ్లుంటాయి.

చెరువుకూ నదికీ ఉన్న తేడా కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఊరికే తప్పు పట్టినట్టవుతుంది. పానగల్ ఉదయ సముద్రంలోనో, ఏదో ఊరచెరువులోనో గుడ్లతో ఉన్న బొచ్చె పడితే పెద్ద నష్టం లేదు. నిలవ నీళ్లలో అది ఎలాగూ గుడ్లు వదలదు, చాలాసార్లు ఆ గుడ్లు లోపలే కరిగిపోతాయి. ఆ చెరువుకు పిల్లలు వచ్చేది హేచరీ నుంచి, లారీలో. అదే చెరువులో కొర్రమీను, జెల్ల, పరక మాత్రం సొంతంగా పెరిగే కుటుంబాలు. బంగారుతీగ కూడా నాచు దొరికితే చెరువులోనే గుడ్లు పెడుతుంది, దానికి వానాకాలం ఒక్కటే అన్న నియమం కూడా లేదు. నదిలో మాత్రం లెక్క తలకిందులు. జూరాల పైన, సోమశిల దగ్గర శ్రీశైలం వెనక జలాల్లో, వాడపల్లి మూతిలో పడిన గుడ్ల మృగాల నదికి మిగిలిన సొంత విత్తనం. కాబట్టి 'గుడ్ల చేప పాపం, వదిలేయండి' అన్న ఒక్క మాట అన్ని నీళ్లకూ అతకదు. చెరువులో కొర్రమీనును, నదిలో కార్పును వదిలితే ఫలితం ఉంటుంది.

వదలడం ఎలా అన్నదాంట్లోనూ ట్రౌట్ పాఠం మన దగ్గర సగమే పనిచేస్తుంది. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ, అలసిన ట్రౌట్ తేరుకుంటుంది. జూన్ నెలలో మన నీళ్లు వేడి, ఆక్సిజన్ తక్కువ. చేపను పది నిమిషాలు ఆడించి అలసగొట్టి వదిలితే ఈదుకుంటూ పోయినట్టే పోయి కాసేపటికి తేలుతుంది. అందుకే గట్టి దారంతో తొందరగా ఒడ్డుకు తేవాలి. కాలిన బండ మీద, పొడి గోనె మీద పడేస్తే ఒంటి మీది జిగురు ఊడిపోయి తర్వాత పుండ్లు పడతాయి. చేతులు తడుపుకుని, చేప నీళ్లలో ఉండగానే గాలం తీయాలి. గుడ్ల చేపను పొట్ట మీద నొక్కి పట్టుకుంటే గుడ్లు అక్కడే కారిపోతాయి. మొప్పల్లో వేళ్లు పెట్టి ఎత్తడం మన దగ్గర అలవాటు, వదలాలనుకున్న చేపకు మాత్రం అది చావే. గాలం గొంతులో దిగిపోతే లాగొద్దు, దారం నోటి దగ్గర కోసేయాలి. మామూలు ఇనుప గాలం కొన్నాళ్లకు తుప్పు పట్టి ఊడే అవకాశం ఉంటుంది, చీల్చిన గొంతు మాత్రం మళ్లీ అతుక్కోదు. గాలానికి ఉండే వెనక ముల్లును కటింగ్ ప్లేయర్‌తో ముందే నొక్కేసుకుంటే సగం పని తప్పుతుంది. కొర్రమీను ఈ విషయంలో గట్టిపిండం, గాలి పీలుస్తుంది కాబట్టి బయట కాసేపు ఓర్చుకుంటుంది. మృగాల అంత ఓర్చుకోలేదు.

చట్టం ఏమంటుందంటే, దేశంలో ఈ విషయంలో పాత చట్టం 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ యాక్ట్. డైనమైట్ పేల్చడం, నీళ్లలో విషం కలపడం నేరం అని అది నేరుగా చెబుతుంది. ఏ వల వేయాలి, కన్ను ఎంత ఉండాలి అన్నవాటి మీద నియమాలు పెట్టే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. వానాకాలం నిషేధం నీళ్ల మీద పెట్టేది, చేప రకం చూసి కాదు. ఆ రెండు నెలలు జలాశయంలో వల వేయడమే తప్పు, 'నేను జెల్లకు వేశా' అన్న వాదనకు చోటు లేదు. ఒక రకంగా ఇది ఇంగ్లండ్ పద్ధతి కంటే సూటిగా ఉంది, ఎవరి మనసులో ఏముందో తవ్వక్కర్లేదు. లోటల్లా నిషేధానికి ముందు జూన్‌లో, నిషేధం అంతగా పట్టని చిన్న వాగుల్లో, ఆ తర్వాత వచ్చే సెప్టెంబర్‌లో.

సెప్టెంబర్ సంగతి ఎవరూ పట్టించుకోరు. అప్పటికి గుడ్ల కాలం అయిపోతుంది, పిల్లల కాలం మొదలవుతుంది. నదిలో పుట్టిన పిల్లలు ఒకవైపు, ప్రభుత్వం పంచే చేపపిల్లలు ఇంకోవైపు. 2016-17 నుంచి నడుస్తున్న ఉచిత చేపపిల్లల పథకంలో చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి పోస్తారు. 35 మిల్లీమీటర్లంటే చిటికెన వేలంత కూడా ఉండదు. ఇదే అదనులో కొల్లాపూర్, సోమశిల వైపు అలివి వలలు దిగుతాయి. నిషేధించిన వలలే, పట్టుకుంటారు, తగలబెడతారు, మళ్లీ వస్తాయి. దోమతెరంత సన్నటి కన్నుతో నీళ్లను ఒడ్డుకు ఊడ్చినట్టు లాగే వల అది. వేసేవాళ్లను అడిగితే చిన్న చేపల కోసం, ఎండబెట్టి అమ్మడానికి అంటారు. వాళ్ల మాట అబద్ధం కూడా కాదు, ఒడ్డున పరిచిన పట్టాల మీద ఎండేవి చిన్న చేపలే. వాటిలో ఏది ఎదిగినా చిన్నగానే ఉండే పరక, ఏది ఏడాది ఆగితే కిలో తూగే రవ్వ అన్నది ఎండాక ఎవరూ చెప్పలేరు.

అలివి దాకా పోనక్కర్లేదు. మామూలు చెరువులో పరకల కోసం సన్న కన్ను వల వేసే సంఘం మనిషిదీ అదే పరిస్థితి. తెల్లవారుజామున ఇంకా వెలుగు రాకముందే వల దులుపుతాడు. వేలెడంత రవ్వ పిల్ల, వేలెడంత పరక పక్కపక్కన తెల్లగా మెరుస్తుంటాయి. రవ్వ పిల్లకు పొలుసు అంచున సన్నటి ఎరుపు ఉంటుంది, వెలుతురులో పెట్టి చూస్తే. పోయిన నెల లారీ దిగినప్పుడు సంఘం తరఫున సంతకం పెట్టి చెరువులో పోయించింది బహుశా ఆయనే. కూరగాయల బండి వెళ్లేలోపు తట్ట రోడ్డు మీదికి చేరాలి. తట్టలో పడ్డాక అన్నీ పరకలే.